యాదగిరి గారు కారు దింపి నడిపించిన రోజు

రోడ్డు మీద వేడిగా తెల్ల రంగు పోసేటప్పుడు ఒక వాసన వస్తుంది. తారు వాసన కాదు, మామూలు రంగు వాసనా కాదు, గొంతు వెనక పట్టుకునే ఘాటు. నిన్న పొద్దున ఉప్పల్ డిపో దగ్గర పనివాళ్లు కొత్తగా జీబ్రా గీతలు వేస్తుంటే కారు అద్దం దించి ఆ వాసన పీల్చాను. వెనకవాళ్లు హారన్ కొట్టేదాకా కదలలేదు. నాకు డ్రైవింగ్ నేర్పిన యాదగిరి గారు పక్క సీటులో లేరన్న సంగతి కాసేపు మరిచిపోయాను.

రెండు వేల సంవత్సరం దాటి ఐదారేళ్లయిన రోజులవి. మేం తెనాలి నుంచి వచ్చి నాచారంలో ఉండేవాళ్లం. అన్నోజిగూడలోని ఒక బడిలో నేను లెక్కలు చెప్పేదాన్ని. రెండు బస్సులు మారలేక కారు నేర్చుకోవాలనుకున్నాను. యాదగిరి గారు బస్సు డ్రైవరుగా రిటైరై, పక్క సీటు కింద కూడా బ్రేకు ఉన్న ఒక పాత చిన్న కారులో నేర్పేవారు. గేర్లు, క్లచ్చు నాలుగు రోజుల్లో చెప్పేశారు. మిగతా నెలంతా మనుషులు రోడ్డు దాటే చోట్ల గురించే చెప్పారు.

"సిగ్నల్ కాడ లైటు ఆపుతది. ఉత్త గీతలే ఉన్న కాడ ఎవరాపుతరు?" అని అడిగారొకసారి.

"పోలీసు" అన్నాను.

"పోలీసు లేడు. నిన్ను నువ్వే ఆపుకోవాలె."

బడి ముందు ఎవరైనా 'ఆగు' అని రాసిన పలక ఎత్తి పిల్లల్ని దాటిస్తుంటే, ఆఖరి పిల్ల అవతల ఫుట్‌పాత్ ఎక్కేదాకా చక్రం కదలకూడదన్నారు. నాచారం ఫ్యాక్టరీల ముందు డివైడర్‌లో ఒక చిన్న సందు చూపించి, "ఇదేం క్రాసింగ్?" అన్నారు. ఏ గీతా లేదు కదండీ, క్రాసింగే కాదన్నాను. "గడ్డి ఎంత అరిగిందో సూడు. గీతలు గీసెటోళ్లకు తెల్వకపోయినా మనకు తెల్వాలె" అని కారు ఆపించారు. కాసేపటికే షిఫ్టు వదిలారు. టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఆడవాళ్లు గుంపుగా అంచుకు వచ్చి నిలబడ్డారు. "ముందలున్నామె పాదం సూడు. ఎనకోళ్లంతా ఆమెనే నమ్ముకొని వస్తరు" అన్నారు నెమ్మదిగా. నీలం చీర కట్టుకున్న ఒకామె పాదం కిందికి దిగింది. ఆ వెంటనే రోడ్డంతా మనుషులైపోయింది. రోజూ చూసే ఆ రోడ్డును నేనెన్నడూ చూడనే లేదనిపించింది.

మూడో వారంలో తప్పు చేశాను. ఉప్పల్ దగ్గర గీతల ముందు ఒక ఆటో ఆగి ఉంది. ఎవరినో ఎక్కించుకోవడానికి ఆగిందనుకుని కుడి పక్కనుంచి దాటబోయాను. కారు ఒక్క కుదుపుతో ఆగిపోయింది. బ్రేకు తొక్కింది నేను కాదు, ఆయన. ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో, పిల్లాణ్ణి చంకనేసుకున్న ఒక తల్లి నిలబడిపోయి ఉంది. పిల్లాడు నిద్రలో ఉన్నాడు. ఆమె కాలి చెప్పు ఒకటి ఊడి దూరంగా పడింది.

యాదగిరి గారు కారు పక్కకు పెట్టించి దిగారు. ఆమెకు రెండు చేతులూ జోడించి, "తప్పు నాదమ్మా. నేను సూసుకోవాల్సుండె" అన్నారు. ఆమె చెప్పు కోసం వెతుక్కుంటోంది. ఆయనే వెళ్లి, వంగి తీసి, ఆమె కాలి ముందు పెట్టారు. ఇన్నేళ్లు బస్సు నడిపిన పెద్దమనిషి నా తప్పును తన తప్పని అలా వంగడం చూసి నాకు ఏడుపొచ్చింది. తిరిగొచ్చి కూర్చున్నాక ఒక్క మాటే అన్నారు. "ఆటో ఉత్తగ ఆగలేదమ్మా. గీతల కాడ ఇంకొకలు ఆగిన్రంటే, వాళ్లకు కనబడేది నీకు కనబడతలేదన్నట్టు."

మర్నాడు తాళం ఇవ్వలేదు. "ఇయ్యాల నడుద్దాం" అన్నారు. సిగ్నల్ దగ్గర దాటాం. ఒక ముసలాయన సగం దూరం రాకముందే లైటు మారిపోయింది. ఉత్త గీతల దగ్గర చాలాసేపు ఎవరూ ఆగలేదు. చివరికి ఒక లారీ మెల్లగా వచ్చి మా ముందు ఆగింది. దాని చక్రం నా నడుం దాకా ఉంది. ఇంజను అదురు నేలలోంచి నా కాళ్లలోకి పాకింది. "కింద నిలబడి సూస్తే బండి ఎంతుందో సూడు. నీ చిన్న కారు గూడ పిల్లగాండ్లకు గింత పెద్దగనే కనబడతది" అన్నారాయన. ఆ లారీ ముందు నడుస్తూ, నిన్నటి తల్లికి నేనెలా కనిపించి ఉంటానో మొదటిసారి తెలుసుకున్నాను.

లైసెన్సు వచ్చింది. కొన్నేళ్ల తర్వాత బోడుప్పల్‌లో వాళ్లింటికి వెళితే కారు అమ్మేశానన్నారు. ఎవరూ మానమనలేదట. "కండ్లు మసకబారినయి. ఇంకొకల బ్రేకు నా కాలి కింద పెట్టుకునే హక్కు ఇగ నాకు లేదు" అన్నారు మామూలుగా. ఆయన్ని చూడటం అదే ఆఖరు.

తెలంగాణ వచ్చిన ఏడాది ఉప్పల్ అంతా మెట్రో పనులే. పాత గీతలన్నీ పనుల చుట్టూ అడ్డం పెట్టిన రేకుల వెనక పోయాయి. జనం ఇప్పుడెక్కడ దాటుతున్నారో తెలుసుకుందామని ఒక సాయంత్రం కారు పక్కన పెట్టి, దిగి వాళ్లలో నిలబడ్డాను. ఎవరో ముసలమ్మ అడక్కుండానే నా మణికట్టు పట్టుకుంది. "జర తోల్కపో బిడ్డా. నాకు గీ రోడ్డంటే భయం" అంది. ఒక బస్సు ఆగింది, ఇద్దరం దాటాం. అవతలికి చేరగానే చెయ్యి వదిలేసి, వెనక్కి చూడకుండా జనంలో కలిసిపోయింది. ఆమె వేళ్లు ఎంత గట్టిగా బిగించిందంటే, మణికట్టు మీద ఎర్రటి చారలు తేలాయి. ఆ చారలు అరగంటలో పోయాయి. ఆ పట్టు మాత్రం, రోడ్డు దాటడానికి ఎవరు నిలబడి ఉన్నా, ఇప్పటికీ నా చేతికి తెలుస్తుంది.