కోటు లోపల వదిలిన గుడ్డ

ఎమర్జెన్సీ పెట్టిన ఏడాది మా ఆయన పోయాడు. పోయినవాడి బట్టలు దినాలయ్యాక అయినవాళ్ళకు పంచడం మాలో ఉంది. ఎమ్మిగనూరులో మా మగ్గాల ఇంట్లో, మా అత్త ఆయన పెట్టె తెరిచింది. అడుగున సూటు ఉంది, పెళ్ళికి ఆదోనిలో కుట్టించుకున్నది. దాన్ని చూస్తే తల్లీ, చెల్లెలూ బోరుమంటారనుకున్నాను. మా ఆడబిడ్డ కోటును లోపలివైపుకు తిరగేసింది.

"అస్తరు మంచిదే ఏసినాడు దర్జీ. కాజాలు సూడమ్మా, సేత్తో కుట్టినాడు."

అత్త కాలరు లోపలి గట్టిగుడ్డను నలిపి చూసింది. "బక్రం ఇంకా గట్టిగానే ఉండాది. అల్లునికి సంకల కాడ బిగుతైతాదేమో."

మనిషి పోయి నెల కాలేదు, కుట్లు చూస్తున్నారు. వీళ్ళు మనుషులేనా అనిపించింది.

ఆడబిడ్డ కోటు పక్క కుట్టు దగ్గర అస్తరు కొంచెం విప్పి, వేళ్ళు పెట్టి చూసి ఆగిపోయింది.

"బెత్తెడు గుడ్డ లోపలే వదిలినాడు. ఎందుకమ్మా ఇంత?"

"వాడే వదలమన్యాడు," అంది అత్త. "బొజ్జొచ్చినా, ముసలోన్నైనా ఇదే ఏసుకుంటానని దర్జీకి సెప్పినాడు. నేను ఆడనే ఉంటి."

ఆ మాట నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. లేచి ఆడబిడ్డ చేతుల్లోంచి కోటు లాక్కున్నాను.

"ఆ గుడ్డ ఇప్పితే మా ఆయనకు సరిపోతాది వదినా," అందామె, మెల్లగానే.

"ఇప్పేది లేదు," అన్నాను.

అత్త నా ముఖం చూసి, చొక్కాలు మాత్రం పంచింది.