దిగుడులో ఆగని ఇంజను

అంతనానరివోలో టాక్సీ నడిపేవాళ్లు దిగుడు రాగానే ఇంజను కట్టేస్తారు. పెట్రోలు మిగులుతుందని. ఊరంతా కొండలే కాబట్టి సగం ప్రయాణం అలా జారుతూనే గడిచిపోతుంది. మియూరా కూడా ఏళ్ల తరబడి అలాగే నడిపింది. అందుకే తన మీగడరంగు పాత ఫ్రెంచి కారు స్లోలో నిలబడడం ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలియదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే బండి చచ్చేది. ఎలాగూ ఆపాల్సిందే కదా అనుకునేది.

ఇప్పుడు పై పేట బడిపిల్లలను రోజూ దింపే పని వచ్చేలా ఉంది. అది దొరికితే స్టాండులో బేరాల కోసం పడిగాపులు కాసే బతుకు తప్పుతుంది. కానీ తల్లిదండ్రుల తరఫున మాట్లాడుతున్న మదాం బాకూలీ ఒక షరతు పెట్టింది.

"పిల్లలుండగా దిగుడులో ఇంజను ఆపడానికి వీల్లేదు. శనివారం నేనే ఎక్కి చూస్తాను."

మరిది తాహీనాదీ టాక్సీయే. మియూరా బానెట్ ఎత్తడం చూసి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"స్లో స్క్రూ బిగించెయ్ వదినా. రయ్యిమని అరుస్తుంది గానీ చావదు."

"అలా అరుస్తూ దిగితే ఆవిడ గుండె ఆగుతుంది."

"ఆగితే పిల్లలకి సెలవేగా."

మియూరా స్లో స్క్రూ జోలికి పోలేదు. గాలీ పెట్రోలూ కలిపే చిన్న స్క్రూని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంజను మోతలో ఏ మార్పూ లేదు. అంటే స్లో దారిలో అసలు పెట్రోలే రావడం లేదన్నమాట. ఆ దారికున్న బుల్లి జెట్‌ని ఊడదీసి ఆకాశానికేసి పెట్టి చూసింది. దాని సన్నని చిల్లులోంచి వెలుగు కనిపించలేదు. పెట్రోలులో నానబెట్టి, సైకిలు పంపుతో గాలి కొట్టి మళ్లీ చూస్తే, సూదిమొనంత వెలుగు. బిగించి, ఆ చిన్న స్క్రూని కొంచెం కొంచెంగా తిప్పుతూ, నిద్రపోతున్న పసిపిల్ల ఊపిరికి చెవి పెట్టినట్టు విన్నది. మోత తడబాటు మానింది. కాలు తీసినా బండి నిలబడింది.

శనివారం నాటికి ఇంకొక పని చేసింది. పెట్రోలు ట్యాంకు మూత ఎప్పుడో పోతే అక్కడ గుడ్డ కుక్కి నడుపుతోంది. పిల్లలకు వాసన రాకూడదని రబ్బరు వాషరుతో గట్టిగా పట్టే కొత్త మూత కొని బిగించింది.

ఆ రోజు మదాం బాకూలీ చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. ఎత్తు చివరికొచ్చేసరికి బండి ఎగశ్వాస పెట్టింది. రేసు ఇచ్చినకొద్దీ నీరసించిపోతోంది.

"ఏమైందమ్మా?"

"ఒక్క నిమిషం మదాం."

వెనక నుంచి తాహీనా బండి పక్కకొచ్చి ఆగింది. "తొయ్యమంటావా వదినా?"

"ముందు నీది తోసుకో పో."

స్టీరింగు పట్టుకుని ఆలోచించింది. జెట్ మళ్లీ మూసుకుందా? అలాగైతే కాలు తీసినప్పుడు చావాలి. ఇది కాలు నొక్కినప్పుడు చస్తోంది. పెట్రోలు అందడం లేదు. నిన్న లేనిది ఇవాళ ఏముంది? దిగి, వెనక్కి వెళ్లి, కొత్త మూత తిప్పింది. ట్యాంకు సుయ్‌మని గాలి పీల్చుకుంది. గుడ్డ సందుల్లోంచి ఇన్నాళ్లూ లోపలికి పోతున్న గాలికి తనే దారి మూసేసింది. ఆ గాలి లేకపోతే పెట్రోలు బయటికి రాదు. మూతని వదులుగా పెట్టి వచ్చింది. మూతకి గాలి పోయే చిల్లు సాయంత్రం వేసుకోవచ్చు.

మిగిలిన ఎత్తును బండి ఒక్క ఊపున ఎక్కేసింది. తరువాత దిగుడు. మలుపుల్లో, తోపుడుబళ్ల వెనక, ఎక్కడా ఇంజను ఆగలేదు. అడుగున బజారు దగ్గర బళ్లన్నీ నిలిచిపోయాయి. మదాం బాకూలీ చెవులు రిక్కించి మొహం ముడుచుకుంది.

"ఆపేశావు కదూ? ఏం చెప్పాను నీకు?"

మియూరా హ్యాండుబ్రేకు లాగి రెండు పాదాలూ పైకెత్తింది. "డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి చూడండి మదాం."

ఆవిడ చెయ్యి పెట్టింది. అరచేతి కింద ఇంజను సన్నగా అదురుతోంది.

"సోమవారం ఆరింటికల్లా మా గుమ్మం ముందుండు. మా చిన్నదానికి మలుపుల్లో కడుపు తిప్పుతుంది, కిటికీ పక్కన కూర్చోబెట్టు."

"అలాగే మదాం."

దారి తెరుచుకుంది. తాహీనాతో సహా టాక్సీలవాళ్లంతా తాళాలు తిప్పి తిప్పి ఇంజన్లను లేపుకుంటుంటే, మియూరా గేరు వేసి అందరికంటే ముందు కదిలింది.