బూట్లు విప్పి రండి సార్

నిద్ర వస్తుందట! ఇంకోసారి ఎవరైనా ఆ మాట అంటే నేను ఊరుకోను. పసుపు దీపం పెట్టుకుంటే నిద్ర వస్తుందట. కాళ్ల కింద మెత్తగా ఉంటే బద్ధకం వస్తుందట. చాయ్ ఫ్లాస్కు పక్కనే ఉంటే పని మీద మనసు నిలవదట. మా ఇంజనీరు సార్ చెప్పాడు, హెడ్డాఫీసు నమ్మింది, నన్ను సమాయిల్ సైట్ నుంచి తీసి బురైమిలో పడేసింది. నేను చేసిన నేరం ఏంటంటే, ఆఫీసులో ఒక చాప పరిచాను.

నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాణ్ని. ఇక్కడ ఒమాన్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఏ స్తంభంలో ఎన్ని రాడ్లు వేయాలి, ఎక్కడ వంచాలి అని గీసిచ్చేది నేనే. రూమ్ హమ్రియాలో, పని సమాయిల్‌లో. రోజూ పొద్దున్నే కంపెనీ బస్సెక్కి, ఖర్జూరం తోటలు దాటి, ఒక స్కూల్ బిల్డింగు సైట్‌లో దిగేవాణ్ని.

ఆఫీసంటే రేకు డబ్బా. లోపల ట్యూబ్‌లైట్లు ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నట్టు తెల్లగా మండేవి. ఏసీ సరిగ్గా నా మెడ మీదకే కొట్టేది. బయట నిప్పులు, లోపల మంచు. అందులో కూర్చుని నేను రెండు నిమిషాలకోసారి ఫోన్ తీసేవాణ్ని. అది సరదా కాదు, పారిపోవడం. రెండు గంటల పని రెండు రోజులు పట్టేది.

ఆ ఫోన్‌లోనే ఒక రోజు బస్సులో ఉండగా డెన్మార్క్ వాళ్ల వీడియో వచ్చింది. బయట వాన. లోపల చిన్న చిన్న పసుపు దీపాలు, కొవ్వొత్తులు, ఉన్ని సాక్సులు, ఒక కప్పు కాఫీ, పక్కన ఇద్దరు మనుషులు. ఒకామె ఆ దీపం దగ్గరే కూర్చుని తాపీగా పని చేసుకుంటోంది. ఆ హాయికి వాళ్లు హ్యూగా అని ఒక పేరే పెట్టుకున్నారట. కింద ఎవడో 'సోమరిపోతులు' అని కామెంట్ పెట్టాడు. బస్సు సమాయిల్ చేరేదాకా వాడితో కొట్లాడాను. దిగాక అనుకున్నాను, కొట్లాడేకన్నా చేసి చూపిస్తే పోలా?

హమ్రియా కొట్లో ఒక పసుపు బల్బు దీపం, ఎర్ర గీతల ప్లాస్టిక్ చాప, రెండు దిండ్లు, ఒక పెద్ద ఫ్లాస్కు కొన్నాను. కొవ్వొత్తులు మాత్రం కొనలేదు. పక్కనే డీజిల్ డ్రమ్ములున్న చోట కొవ్వొత్తి వెలిగిస్తే సేఫ్టీ ఆఫీసర్ ముందు నన్ను ఆర్పేస్తాడు. నా మూలన ట్యూబ్‌లైటు తీసేశాను. ఏసీ గాలి నా మీదకు రాకుండా అట్టముక్క కట్టాను. చాప మీదకు బూట్లతో ఎవరూ రాకూడదని రూల్ పెట్టాను.

అంతే. మొదటి రోజే ఫోన్ బోర్లా పెట్టి మధ్యాహ్నం దాకా ముట్టుకోలేదు. నా గురించి తెలిసినవాళ్లకు ఇది ఎంత పెద్ద విషయమో తెలుసు. రెండు రోజుల పని ఆ పూటే అయిపోయింది.

కానీ నేను చెప్పాలనుకున్నది నా పని గురించి కాదు, కాకా గురించి.

కాకా జగిత్యాల మనిషి. రాడ్లు వంచి కట్టే గ్యాంగుకు పెద్ద. నా వయసంత అనుభవం ఉంది. నేను సైట్‌కొచ్చిన కొత్తలో ఒకసారి నా డ్రాయింగు పట్టుకొచ్చి ఏదో అడగబోతే, "గీసింది నువ్వా నేనా? గీసింది గీసినట్టు కట్టు" అని అందరి ముందూ అరిచాను. నా నోరు అలాంటిది. అప్పట్నుంచి ఆయన గీసింది గీసినట్టే కట్టేవాడు. తప్పున్నా కట్టేవాడు. ఇక్కడ చాలామంది అంతే. ఒకసారి తిట్టు తిన్నాక నోరు కట్టేసుకుని పని చేస్తారు.

ఎండాకాలం, మధ్యాహ్నం ఎండకు పని ఆపే వేళ, కాకా గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూశాడు.

"గిదేంది బిడ్డా, పెండ్లిచూపులా?"

"నీకే కాకా. రా, కూసో. బూట్లు బయట ఇడువు."

"నా సాక్సుల వాసనకు నీ పిల్ల ఉరుకుతది మరి."

నవ్వుకుంటూ వచ్చి కూర్చున్నాడు. చాయ్ పోశాను. నీళ్ల ట్యాంకరు నడిపే ఒమానీ పెద్దాయన ఇచ్చిపోయిన ఖర్జూరాలు ముందు పెట్టాను. కాకా రెండు తిన్నాడు, గింజలు అరచేతిలో దాచుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"బిడ్డా, కిటికీల మీద ఛజ్జా గీసినవు గదా. అది బయటికి ఏలాడుతది. రాడ్లు పైన ఉండాలె. నువ్వు కింద పెట్టినవు."

డ్రాయింగు తీసి చూశాను. నిజమే. అలాగే కాంక్రీటు పోసుంటే, కింద చెక్కలు తీసిన రోజే ఛజ్జా ఊడి ఎవరి నెత్తినో పడేది.

"రెండు రోజులసంది ఈ కాగితం నీ చేతిలనే ఉన్నది గదా కాకా, అప్పుడే ఎందుకు చెప్పలే?"

"నిలబడి చెప్తే లొల్లి అయితది బిడ్డా. కూసుని చెప్తే ముచ్చట అయితది."

ఆ తర్వాత రోజూ ఎవరో ఒకరు వచ్చేవారు. చాయ్ తాగి, ఊరి సంగతులు చెప్పి, లేచేముందు ఒక తప్పు చెప్పి పోయేవారు. నా డ్రాయింగులు ఎప్పుడూ లేనంత శుభ్రంగా తయారయ్యాయి.

అప్పుడు దిగాడు మా ఇంజనీరు సార్. గోదావరి మనిషి. బూట్లతో చాప మీద నిలబడ్డాడు.

"ఏంటయ్యా ఇది? సైటా, అత్తారిల్లా?"

"పని బాగైతుంది సార్. చూడండి, ఈ వారం ఒక్క తప్పు కూడా..."

"కబుర్లు చెప్పకు. ఒళ్లు సుఖం మరిగితే పని సాగదు. సాయంత్రానికల్లా ఇదంతా తీసెయ్."

తీసేశాను. తెల్ల లైటు మళ్లీ వచ్చింది, ఫోన్ మళ్లీ చేతికొచ్చింది. కాకా వాళ్లు గుమ్మం దాకా వచ్చి, కాగితం తీసుకుని పోయేవారు. పది రోజుల్లో నీళ్ల ట్యాంకు గోడ పోశారు. పైపు పోవడానికి వదలాల్సిన కంత నేను గీయలేదు. తప్పు నాదే, ఒప్పుకుంటాను. మిషను పెట్టి రెండు రోజులు గోడ పగలగొట్టారు. ఆ చప్పుడంతా నా తలలోనే కొట్టినట్టుంది.

"నీకు తెల్సా కాకా?" అని అడిగాను.

"పైపు ఏడికెల్లి పోతదో అని నేను సూస్తనే ఉన్న," అన్నాడు.

మర్నాడు చాప మళ్లీ పరిచాను. సార్‌కు కబురందింది. నాకు ఫోన్ చేసి, "నేనొచ్చేసరికి అది ఉంటే నువ్వు ఈ సైట్‌లో ఉండవు," అన్నాడు. ఆయన వచ్చేసరికి చాప ఉంది, దీపం వెలుగుతోంది, కాకాతో పాటు నలుగురు కూర్చుని ట్యాంకు డ్రాయింగు మధ్యలో పెట్టుకుని చూస్తున్నారు. ఎవరూ లేవలేదు. సార్ గుమ్మంలో ఆగాడు.

ఆగి ఉంటే బాగుండేది నా నోరు. ఆగలేదు.

"బూట్లు విప్పి రండి సార్. గోడ ఎందుకు పగిలిందో కాకా చెప్తాడు."

సార్ రాలేదు. బురైమి కాగితం వచ్చింది.

ఇప్పుడు ఇక్కడి రేకు డబ్బాలో కూర్చుని ఇది రాస్తున్నాను. అదే చాప, అదే దీపం. ఇక్కడి గ్యాంగు ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. నిన్న ఒకతను సగం బూటు లేసు విప్పి, మళ్లీ కట్టుకుని పోయాడు. వస్తాడు. నేను తొందరపెట్టను. అరవను కూడా, అదే నాకు కష్టం.

పొద్దున కాకా వాయిస్ మెసేజ్ పెట్టాడు. "బిడ్డా, నీ చాప పోయిందని మేం ఊకోలే. సిమెంటు సంచులు పరిసినం. సార్ సూసిండు, ఏమనలే. నీ జాగల వచ్చిన కొత్త పిల్లగాడు మెట్లు తప్పు గీసిండు, కూసోబెట్టి చెప్పినం. సార్ బూట్లైతే ఇంకా ఇడుస్తలేడు."

నాలుగుసార్లు విన్నాను.

సుఖంగా కూర్చుంటే మనిషి పని చేయడని ఇంకా అంటారా? సరే. గుమ్మంలో నిలబెట్టి అరిచినప్పుడు, మీ తప్పు మీకు ముఖం మీద చెప్పినవాళ్లు ఒక్కరంటే ఒక్కరున్నారా?