కీచు దామోదర్‌కి సన్మానం

ట్రాయ్ ఊళ్లో దామోదర్‌ని ఎరగని తెలుగువాళ్లు లేరు. దామోదర్ పాట విన్న తెలుగువాళ్లూ లేరు.

మొదటిదానికి కారణం అతని ఉద్యోగం. ఒక కార్ల కంపెనీలో, బండి నడుస్తున్నప్పుడు ఎక్కడ కీచుమంటుందో పట్టుకుని ఆ చప్పుడు నోరు మూయించడం అతని పని. రిటైరయ్యేదాకా అదే చేశాడు. ఊళ్లో ఎవరి కారు కిర్రుమన్నా ఆదివారం పొద్దున అతని ఇంటి ముందుకొచ్చి ఆగేది. అలా కీచు దామోదర్ అయ్యాడు. రెండోదానికి కారణం, అతను పాడేది కంట్రీ మ్యూజిక్ కావడం, అదీ దగ్గర్లోని హేజెల్ పార్క్ ఊళ్లో ఒక బార్‌లో కావడం.

అతనికి గురువెవరూ లేరు. ఎవరో గరాజ్ సేల్‌లో మెడ వంగిపోయిన గిటార్ అమ్ముతుంటే, దాన్ని బాగుచెయ్యగలనా అని చూడ్డానికి కొన్నాడు. బాగుచేశాక అది పలుకుతోందో లేదో తెలియడానికి వాయించడం నేర్చుకున్నాడు. కంట్రీ పాటలే ఎందుకంటే, కంపెనీ పికప్ ట్రక్కుల్ని టెస్ట్ చేస్తూ తిరిగినన్నాళ్లూ రేడియోలో వచ్చినవి అవే. చప్పుడు వినాలంటే రేడియో కట్టెయ్యాలి. కట్టెయ్యాలనిపించేది కాదు.

ఆ బార్‌లో మంగళవారం సాయంత్రం ఎవరైనా స్టేజీ ఎక్కి రెండు పాటలు పాడొచ్చు. పాటకి ముందు ఉపన్యాసం మొదలుపెడితే ఓనరు గ్లాసు మీద స్పూన్‌తో టంగుమని కొడతాడు. రెండోసారి కొట్టించుకున్నవాడు దిగిపోవాలి. దామోదర్‌కి ఈ పద్ధతి బాగా నచ్చింది. ఏళ్ల తరబడి వెళ్లాడు. స్టీల్ గిటార్ వాయించే డేల్ అనే ప్లంబర్ అక్కడే దొరికాడు. ఇద్దరికీ మాటలు తక్కువ కాబట్టి బాగా కుదిరింది.

అతని భార్య ఉష మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. "బార్‌కి నేనెందుకండీ, అక్కడ కూర్చుని ఏం తాగను, మంచినీళ్లా?" అనేది. పాట రాసేటప్పుడు అతను బేస్‌మెంట్‌లో కూర్చునేవాడు. వాషింగ్ మెషీన్ కూడా అక్కడే. ఆవిడ బట్టలు వెయ్యడానికి వచ్చినప్పుడు ఒక ముక్క, తియ్యడానికి వచ్చినప్పుడు ఇంకో ముక్క వినేది. మొదలు నుంచి చివరిదాకా ఒక్క పాటా వినలేదు. దామోదర్ రమ్మని రెండుసార్లు అడిగి, మూడోసారి అడగడం మర్యాద కాదని ఊరుకున్నాడు.

ఇలా ఉండగా అతని పాటొకటి రేడియోలో వచ్చింది. కూతురు ఇల్లు చేరిందని తెలియడానికి కిర్రుమనే తలుపుకి నూనె వెయ్యకుండా వదిలేసిన ఒక తండ్రి పాట అది. టెనెసీ గాయని ఒకావిడ ఎక్కడో విని, అడిగి పాడింది. చప్పుడు తీసెయ్యడం వృత్తిగా బతికినవాడు చప్పుడు ఉండాలని రాసిన పాటే పైకి రావడం చూసి, లోకల్ పేపరువాళ్లు ఫొటో వేశారు. ఆ ఫొటో తెలుగు అసోసియేషన్ వాట్సాప్ గ్రూప్‌లో పడింది. మర్నాడే ప్రెసిడెంట్ డాక్టర్ రాజారావు ఫోన్ చేశాడు.

"దామోదర్ గారూ, ఇంతటి టాలెంట్ మా మధ్య పెట్టుకుని మాకు చెప్పనే లేదు మీరు. ఈ శనివారం మీకు సన్మానం. కాదంటే ఒప్పుకోం."

"సన్మానం ఎందుకండీ. ఒక పాట పాడతాను, చాలు."

"పాడకపోతే ఎలాగండీ. అసలు ప్రోగ్రామే మీది."

స్కూల్ ఆడిటోరియంలో, మధ్యాహ్నంపూట. ఫంక్షన్ అంటే ఉష వస్తుంది, కంచిపట్టు చీర కూడా కట్టుకుంటుంది. దామోదర్‌కి కావలసింది అంతే. అప్పటికి కొన్ని నెలలుగా చెక్కుతున్న పాట ఒకటుంది. అది ఆవిడ మీద రాసింది. పెళ్లయి వచ్చిన మొదటి చలికాలం, అతని పాత పికప్‌లో హీటర్ డ్రైవర్ వైపే పనిచేసేది. అందుకని ఉషని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, "నువ్వు డ్రైవ్ చెయ్యి, మ్యాప్ నేను చూస్తాను" అన్నాడు. ఆవిడకి డ్రైవింగ్ వచ్చింది అలాగే. ఆ సంగతే పాట. ఒక్కసారి ఆవిడ మొత్తం వింటే చాలు. తర్వాత గిటార్ గోడకి తగిలించెయ్యమన్నా తగిలిస్తాడు.

శనివారం డేల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. సభ మొదలైంది. జ్యోతి వెలిగించారు. పిల్లలు ప్రార్థన పాడారు. యాంకర్ రాగిణి ముఖ్య అతిథుల్ని ఒక్కొక్కర్నీ వేదిక మీదికి పిలిచింది. పిలవగా పిలవగా స్టేజీ మీద కుర్చీలు నిండి, దామోదర్, డేల్ వెనక వరసలోకి జరగాల్సొచ్చింది. ప్రతివాళ్లూ రెండే రెండు మాటలు మాట్లాడతామన్నారు. ఒకాయన కంట్రీ మ్యూజిక్‌కి మూలం మన జానపదంలోనే ఉందని నిరూపించాడు. ఇంకొకాయన తన అబ్బాయికి మెడికల్ స్కూల్‌లో సీటొచ్చిన సంగతి చెప్పి, కళలకి ప్రోత్సాహం అవసరమని ముగించాడు.

డేల్ చెవిలో అడిగాడు. "మనం వాయించేదెప్పుడు?"

"వీళ్లయ్యాక."

"వీళ్లు అవుతారా?"

రాజారావు లేచాడు. మెడికల్ కాలేజీలో తనూ పాడేవాడట. తన గొంతు వినే ఫలానా ప్రొఫెసర్... అలా సాగింది. "దామోదర్ గారి పాట వింటే కళ్లు చెమరుస్తాయి" అన్నాడు. "వినే అవకాశం నాకింకా రాలేదనుకోండి. కానీ వినక్కర్లేదు, మనిషిని చూస్తే తెలుస్తుంది." చప్పట్లు మోగాయి.

తర్వాత శాలువా. అది గిటార్ తీగల మీదుగా కప్పారు. తర్వాత దండ. ఫ్రిజ్‌లోంచి తీసిన పూలు, నీళ్లు కారుతున్నాయి. గిటార్ తడుస్తుందేమోనని దామోదర్ దాన్ని పక్కకి తిప్పితే, ఫొటోలో గిటార్ పడాలని రాజారావు మళ్లీ ముందుకి తిప్పాడు. డేల్‌కీ ఒక శాలువా కప్పారు. అతను ప్లంబింగ్‌లోకి దిగాక ఇంత మర్యాద ఎవరూ చెయ్యలేదట, కదలకుండా కూర్చున్నాడు.

దామోదర్ రుమాలుతో తీగలు తుడిచి, శ్రుతి సరిచూసుకుని మైకు దగ్గరికి వచ్చాడు. అప్పుడే వెనక తలుపు తెరుచుకుని వేడి పకోడీల వాసన వచ్చింది. రాగిణి మైకు అందుకుంది. "హాల్ మనకి ఐదింటిదాకానే బుక్ అయింది. ఫుడ్ వచ్చేసింది. సో, అంకుల్ పాట మనం డిన్నర్ చేస్తూ ఎంజాయ్ చేద్దాం." జనం లేచారు. కుర్చీల చప్పుడు, ఫోల్డింగ్ టేబుళ్ల కీచు. ఎన్ని రకాల కీచులో దామోదర్ లెక్కపెట్టగలడు కానీ, ఆ పూట ఆ పని మానుకున్నాడు. ఈలోగా స్కూల్‌వాళ్లు మైకు కట్టేశారు.

ముందు వరసలో ఉష ఒక్కతే కూర్చుని ఉంది. దామోదర్ గిటార్ పెట్టెలో పెట్టి మూత వేశాడు.

కారెక్కి ఉష సీటుబెల్టు పెట్టుకుంది. "మంగళవారం ఎన్నింటికి?" అంది.

"ఏది?"

"మీ బార్."

మంగళవారం ఉష అదే పట్టుచీరలో వచ్చింది. వేసవి కావడంతో బయట ఇంకా ఎండ. మంచినీళ్లు అడిగితే ఓనరు నిమ్మకాయ ముక్క వేసి ఇచ్చాడు. డేల్ శాలువా కప్పుకుని వచ్చాడు. ఎవరూ ఎందుకని అడగలేదు. దామోదర్ స్టేజీ ఎక్కి, "ఈ పాట..." అని మొదలుపెట్టాడు. టంగుమని స్పూన్ మోగింది. నోరు మూసుకుని పాట ఎత్తుకున్నాడు.

ఉష మొదటి నుంచి చివరిదాకా వింది. దిగి వచ్చి ఎదురుగా కూర్చున్నాక దామోదర్‌కి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"బాగుంది" అంది ఉష. "ఆ మూడో చరణం కొత్తగా రాశారా? నీకు చలెయ్యకూడదని, నా ప్రాణం నీ వైపు పెట్టానని ఏదో ఉంది కదా."

"అవును. సన్మానం ముందు కలిపాను. లేకపోతే అర్థం కాదేమోనని."

"ముందు అది లేదు. నేను బట్టలు మడతపెడుతుంటే విన్నాను. నువ్వు డ్రైవ్ చెయ్యి, మ్యాప్ నేను చూస్తాను అనేదాంతో ఆగిపోయేది."

"అంతటితో తెలుస్తుందా మరి?"

ఉష గ్లాసులో నిమ్మకాయ ముక్కని స్ట్రాతో నొక్కుతూ అంది. "మన బండిలో మ్యాప్ లేదు కదండీ. ఒళ్లో ఏదో కరెంటు బిల్లు పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు. నాకు అప్పుడే తెలుసు."

దామోదర్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"ఆ కొత్త చరణం తీసెయ్యండి" అంది ఉష. "అక్కడ రాజారావు గారు లేచి మాట్లాడుతున్నట్టుంది."

ఆ తర్వాతి మంగళవారం దామోదర్ ఆ చరణం లేకుండా పాడాడు. పాట చిన్నదైపోయింది. మిగిలిన టైములో ఓనరు ఇంకో పాట పాడుకోమన్నాడు.