శనివారం నుంచి ఓట్సు

మా బావకి యాభై నిండిన వారమే డాక్టరు ఆయన రక్తపరీక్ష కాగితం చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడట. తీర్పు మాత్రం అక్కయ్య, అంటే బావ భార్య, ఇంటికొచ్చాక చెప్పింది. వేటమాంసం ఇక బంద్. శనివారం నుంచి పొద్దున ఓట్సు, రాత్రి ఓట్సు, మధ్యలో పుల్కాలు. శుక్రవారం ఒక్కటే మిగిలింది.

"ఆ ఒక్కరోజూ ఏం కావాలో చెప్పండి, అడ్డు చెప్పను" అంది.

బావ క్షణం కూడా ఆలోచించలేదు. "కెంటకీలో తిన్న వేటమాంసం ఇంకోసారి తినాలుంది" అన్నాడు. నావైపు తిరిగి, "బావగారు చేస్తారు కదండీ. ఆ విద్య వారికే తెలుసు" అన్నాడు.

చేస్తానన్నాను. ఆ మాటలో వెటకారం ఉందని తెలుసు. అయినా చేస్తానన్నాను.

బావ నా భార్యకి అన్న. కోనసీమ మనిషి. నాది విజయవాడ. ఇద్దరం ఉద్యోగాల కోసం కువైట్ వచ్చి, అబూ హలీఫాలో రెండు వీధుల తేడాతో ఉంటున్నాం. ఆ మధ్య చుట్టాలమ్మాయి పెళ్ళికని రెండు కుటుంబాలూ డాలస్ వెళ్ళాం. పెళ్ళయ్యాక ఆడవాళ్ళు షాపింగులో పడ్డారు. మేమిద్దరం ఒక కారు అద్దెకు తీసుకుని, అమెరికా అంతా గొప్పగా చెప్పుకునే బార్బెక్యూ సంగతేమిటో చూద్దామని బయల్దేరాం. నా భార్య కారు తలుపు పట్టుకుని ఒకటే షరతు పెట్టింది. గొడ్డుమాంసం, పందిమాంసం ముట్టకూడదు. ఇద్దరం ఒప్పుకున్నాం. ఒప్పుకున్నాక తెలిసింది, అక్కడ బార్బెక్యూ అంటే ముప్పాతిక మూడువంతులు ఆ రెండేనని.

అలా మా దారిని మేం తినకూడనివే నిర్ణయించాయి. టెక్సస్‌లో ఊళ్ళకు ఊళ్ళే గొడ్డుమాంసం వాసనేస్తుంటే, వరసలో గంటసేపు నిలబడి టర్కీ కోడి ముక్కలు కొనుక్కున్నాం. కౌంటరు దగ్గరి ఆవిడ మమ్మల్ని ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్ళని చూసినట్టు జాలిగా చూసి, ఇంకో రెండు ముక్కలు వేసింది. మెంఫిస్‌లో అందరూ పంది పక్కటెముకలు చీకుతుంటే, మేం మసాలా పొడి అద్దిన కోడికాళ్ళతో సరిపెట్టుకున్నాం. సరిపెట్టుకున్నామనడం కూడా అన్యాయమే. బావ ఎముకని కూడా వదల్లేదు. అలబామాలో పొగబెట్టిన కోడిని అలాగే తీసుకెళ్ళి తెల్లటి సాసు బకెట్లో ముంచి పైకి తీశారు. మయొనీజు, వెనిగరు, మిరియాలు. "పెరుగులో ముంచిన గారె చూశాం గాని, పెరుగులో ముంచిన కోడిని చూళ్ళేదండి" అంటూ బావ సాసు రెండోసారి అడిగి పోయించుకున్నాడు. నవ్వుకుంటూ, వేళ్ళు నాక్కుంటూ, దారి తప్పుతూ, తప్పినచోట మళ్ళీ తింటూ పోయాం. అంత సంతోషంగా నేను కారు నడిపిన రోజులు నా జీవితంలో లేవు.

చివరికి కెంటకీ పడమటి వైపు ఒక చిన్న ఊళ్ళో వేటమాంసం దొరికింది. ముదురు గొర్రె జబ్బల్ని హికరీ కర్రల పొగ మీద రాత్రంతా ఉంచి, పుల్లటి నల్లటి నీళ్ళలాంటి సాసుతో పెడతారు. మొదటి ముద్దకి బావ కళ్ళు మూసుకున్నాడు. రెండో ముద్దకి నేను మూసుకున్నాను. నేను మూసుకున్నవి తెరవలేదు. ఎక్కువ తినేసి, కారులోకి వెళ్ళి సీటు వాల్చుకుని నిద్రపోయాను. బావ మాత్రం దొడ్డివైపు వెళ్ళి, పొయ్యి చూసే పెద్దాయనతో స్నేహం చేసి, మధ్యాహ్నం దాకా ఆయన పక్కనే నిలబడి అంతా తెలుసుకున్నాడు. తిరుగుదారిలో పూసగుచ్చినట్టు నాకు చెప్పాడు.

కువైట్ తిరిగొచ్చాక, ఒక శుక్రవారం విందులో ఆ కథ నేనెత్తుకున్నాను. ఆ పెద్దాయన పక్కన నిలబడింది నేనైపోయాను. ఎలా అయ్యానో నాకే తెలియదు. వాక్యం మొదలుపెట్టినప్పుడు 'మేము' అన్నట్టే గుర్తు, ముగిసేసరికి 'నేను' అయింది. బావ ఎదురుగా కూర్చుని పల్లీలు తింటున్నాడు. నావైపు ఒకసారి చూసి ఇంకో పల్లీ నోట్లో వేసుకున్నాడు. అంతే. ఆ తర్వాత ఎవరింట్లో బొగ్గుల మీద కోడి కాల్చినా, "దీన్ని బార్బెక్యూ అనరు" అని నేను ఉపన్యాసం ఇవ్వడం, బావ పల్లీలు తినడం మామూలైపోయింది.

బావకి మిగిలిన ఆ శుక్రవారం కోసం ఎడారిలో ఒక గుడారం అద్దెకు తీసుకున్నాం. చలికాలంలో ఇక్కడందరూ చేసే పనే. మా రెండు కుటుంబాలూ, ఇంకో రెండు తెలుగు కుటుంబాలూ. షువైఖ్‌లో వెల్డింగు చేసేవాడి దగ్గర ఆయిలు డ్రమ్మును నిలువునా కోయించి, మూత, పొగగొట్టం పెట్టించాను. హికరీ చెక్కలు అమెరికా నుంచి సంచీలో తెచ్చినవే ఉన్నాయి. ఎయిర్‌పోర్టులో ఆ సంచీ తెరిచిన అధికారి ఒక చెక్క ముక్కు దగ్గర పెట్టుకుని "బఖూర్?" అని అడిగాడు. ఇళ్ళల్లో ధూపం వేసే సువాసన చెక్కలనుకున్నాడు. వివరించే ఓపిక లేక అవునన్నాను. ఇంత నాసిరకం ధూపం కొన్నందుకు నాకేదో కష్టం వచ్చిందనుకున్నట్టుంది, మెల్లగా సంచీ మూసి, భుజం తట్టి పంపించాడు.

బిరియానీ తెస్తామన్నవాళ్ళని నేనే వద్దన్నాను. ఆ మాంసం ముందు అన్నం దండగ అన్నాను.

పొద్దున్నే పొయ్యి వెలిగించాను. బావని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, పుట్టినరోజు మనిషి చెయ్యి కదపకూడదన్నాను. ఆయన శాలువా కప్పుకుని కాలుమీద కాలేసుకున్నాడు. కాసేపటికి గుడారం కనిపించనంత తెల్లటి పొగ లేచింది.

"చాలా బాగుందండి పొగ" అన్నాడు బావ. "ఒక్క ఈగ లేదు. ఫైరింజన్‌ని ఇప్పుడే పిలవమంటారా, మాంసం పెట్టాక పిలుద్దామంటారా?"

"నువ్వు కూర్చో బావా."

"కూర్చున్నానండి. కూర్చోడం తప్ప నేనేం చేశాను."

మాంసం నిప్పుకి సరిగ్గా పైనే పెట్టాను. ఇక మూత సంగతి. వండేది ఏదైనా మధ్యలో ఉప్పు చూడకపోతే మా ఇళ్ళల్లో ఎవరికీ నిద్రపట్టదు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి మూత తీసి చూస్తుంటే కసిరి పంపాను. వాళ్ళు వెళ్ళగానే నేనే తీసి చూశాను. ఎన్నిసార్లు తీశానో చెప్పడానికి సిగ్గేస్తోంది.

"ఉంది కదండీ లోపల?" అని అడిగాడు బావ. "ఎక్కడికీ వెళ్ళిపోలేదు కదా?"

మధ్యాహ్నం దాటింది. మాంసం పైన బొగ్గు, లోపల చెప్పుల తోలు. పిల్లలు ఆకలంటే కేకు కోసేశాం. పెద్దవాళ్ళకి కూడా అదే మధ్యాహ్న భోజనం అయింది. కేకు మీద చేగోడీలు, ఆ తర్వాత ఖర్జూరాలు. అప్పుడు నా భార్య కారులోంచి ప్రెషర్ కుక్కర్ దించింది. ఎందుకైనా మంచిదని తెచ్చిందట.

"ఏమండీ, కాలిందంతా చెక్కేసి, అల్లం వెల్లుల్లి వేసి కుక్కర్లో పెట్టేద్దాం. కూరైపోతుంది."

అందరి మొహాలూ వెలిగాయి. నాది కూడా, ఒప్పుకుంటున్నాను. కుక్కర్ పెడితే గంటలో అందరూ తింటారు, కొత్తరకం వంటకి నేనో పేరు పెడతాను, పరువు దక్కుతుంది. కుక్కర్ చేతిలోకి తీసుకున్నాను.

"అలాగే కానివ్వండి బావగారూ" అన్నాడు బావ. "కూరా మంచిదే."

పొద్దుట్నుంచీ ఆయన అన్న మాటల్లో వెటకారం లేనిది అదొక్కటే. రేపటి నుంచి ఆ మనిషి ఓట్సు తింటాడు. అడిగింది ఒక్కటే, అది నా చేతిలో పోతోంది. దాన్ని నిలబెట్టగలిగినవాడు ఎదురుగా శాలువా కప్పుకుని కూర్చున్నాడు. అడగాలంటే మాత్రం ఎందుకు అడుగుతున్నానో చెప్పాలి.

కుక్కర్ ఇసకలో పెట్టాను. "నాకు రాదు బావా" అన్నాను. అందరికీ వినబడేలాగే అన్నాను. "ఆ రోజు ఆ పెద్దాయన పక్కన నిలబడింది నువ్వు. నేను కారులో పడుకున్నాను. ఇన్నాళ్ళూ నీ కథ నాదని చెప్పుకున్నాను. కాస్త లేచి చూడు."

అక్కయ్యే ముందుగా నోరు విప్పింది.

"తమ్ముడూ, ఆ రోజు మీ బావ నాకు వీడియో పంపారు. పొయ్యి చూపించి, తర్వాత కారు చూపించారు. మీ గురక కూడా వస్తుంది అందులో. అందరికీ పంపమంటారా?"

పంపింది. నోరు తెరుచుకుని, చొక్కా మీద సాసు మరకతో నేను. పిల్లలు దాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టుకుని ఇసకలో దొర్లారు. చివరికి నేనూ దొర్లాను. ఒళ్ళు ఇంత తేలికవుతుందని తెలిస్తే ఎప్పుడో చెప్పేసేవాణ్ణి.

బావ శాలువా తీసి అక్కయ్య చేతికిచ్చాడు. నిప్పంతా డ్రమ్ముకి ఒక చివరికి నెట్టాడు. మాడిన పొర చెక్కి, మాంసాన్ని రెండో చివర పెట్టాడు. వెనిగరు, ఉప్పు, మిరియాలు కలిపిన నీళ్ళు చల్లాడు. తెల్లపొగ పోయి, కనీకనిపించని పలచటి పొగ మొదలైంది. మూత వేసి దాని ముందు కుర్చీ వేసుకున్నాడు.

"ఇక ఎవరైనా ఉప్పు చూడాలంటే నన్ను చూడండి" అన్నాడు.

పొద్దుగూకి, మగ్రిబ్ అజాన్ దూరం నుంచి వినిపించాక మూత తీశాడు. ఎముక లాగితే వచ్చేసింది. అందరూ ఆయన నోటివైపే చూశారు. చాలాసేపు నమిలాడు.

"కెంటకీ అంత లేదండి" అన్నాడు. "సగం దారి నుంచి మొదలుపెడితే ఎలా వస్తుంది. మెంఫిస్ దాకా వచ్చాం."

ఇంకో ముక్క తీసుకున్నాడు. ఆ తర్వాత ఇంకోటి. మాటిచ్చినట్టే అక్కయ్య అడ్డు చెప్పలేదు. నేను అందరికీ వడ్డిస్తుంటే, ఆయన ఆ పెద్దాయన కథ తన నోటితో మొదటిసారి చెప్పాడు. నేనెప్పుడూ చెప్పని సంగతులు వచ్చాయి, ఎందుకంటే నేనెప్పుడూ అడగలేదు. ఆ పెద్దాయనకీ డాక్టరు మాంసం మానిపించాడట.

"మరి మానేశాడా?" అంది అక్కయ్య.

"పూర్తిగా మానేశాడు" అన్నాడు బావ, ఎముక పక్కన పెడుతూ. "వండుతాడు గాని తినడు. వాసన చూస్తాడంతే. దాంతోనే ఆరోగ్యం కుదుటపడిందట."

అక్కయ్య ఆయన కంచంవైపు చూసింది.

"బావగారూ" అన్నాడు నాతో, గొంతు తగ్గించకుండానే, "ఆ డ్రమ్ము మీ ఇంట్లో స్థలం సరిపోదేమో. మా బాల్కనీలో పెట్టేయండి."

"మీ ఇంట్లోనే ఉండనివ్వండి తమ్ముడూ" అంది అక్కయ్య. "వాసన కావాలంటే రెండు వీధులు నడిచి వస్తారు. నడవమని కూడా చెప్పాడు డాక్టరు."