లెక్క చెప్పని మంద

గోపిక మీద మొదట అనుమానపడింది ఆమె మేనమామ బీరన్నే. భూగోళశాస్త్రం చదివి, ఊరుమ్మడి భూముల పాలనపై పరిశోధనకు పూనుకున్న ఆమె 2006లో కోదాడ పక్క అనంతగిరి దగ్గరున్న ఆయన ఊరికి వెళ్లింది. బీరన్న ఆమె చంకలోని ఫైలును చూశాడు గాని ముఖం చూడలేదు.

"గొర్లెన్ని ఉన్నయ్ మామా?"

"ఏడియి కోడలా! రోగమొచ్చి సచ్చినయి పోంగ గిన్నే మిగిలినయ్" అంటూ ఏదో చిన్న సంఖ్య చెప్పాడు.

అత్త ఆండాలు నవ్వింది. "సర్కారోళ్లు తోలిన్రా నిన్ను? లోను ఇస్తరా, ఉన్నయి గుంజుకపోతరా?"

కాపరుల ఇంట పుట్టినా గోపిక పెరిగింది సూర్యాపేట హాస్టల్లో. మంద లెక్క పైకి చెబితే దిష్టి తగిలి మంద తరిగిపోతుందన్న కట్టుబాటు ఆమె చెవిన పడిందే తప్ప మనసుకు పట్టలేదు. చెప్పింది చెప్పినట్టే రాసుకుంది.

మరుసటి ఏడు, ఊరి గుట్ట కింది మేత బీడును ఒక క్వారీ కంపెనీకి ఇవ్వాలన్న ప్రతిపాదన వచ్చింది. 'గొర్రెలు తగ్గాయి, బీడు నిరుపయోగం' అంది కంపెనీ నివేదిక. అందులోని అంకెలు తన అంకెలే! పరిశోధన గైడ్ ఇచ్చాడా? గదిలో తనతో ఉండే లత చూపిందా? కొన్నాళ్లపాటు గోపిక ఎవరినీ నమ్మలేదు. ఊరేమో ఆమెను నమ్మలేదు.

"ఇంటిబిడ్డవనుకున్నం. ఫైలు పట్కొని తిరిగింది గిందుకా?" అన్నాడు బీరన్న.

"నువ్వు నాకు నిజం జెప్పినవా మామా?"

"నీకు జెప్పిందే కంపెనోళ్లకూ జెప్పిన" అంటూ అతడు బీడీ నలిపేసి లేచిపోయాడు. అప్పుడు తెలిసింది ఆమెకు. కంపెనీ మనుషులూ వచ్చి అడిగారు, వాళ్లకూ అదే అబద్ధం అందింది. ఆమె అంకెలు అమ్ముకున్నవాడెవడూ లేడు. కానీ ఆ అబద్ధమే బీడును మింగబోతోంది.

మామ నోటితో లెక్క చెప్పడు, చెప్పమంటే బంధుత్వమే తెగుతుంది. కోతలయ్యాక ఎరువు కోసం మందలను పొలాల్లో పండబెట్టించుకునే మునగాల రైతుల దగ్గరికి వెళ్లిందామె.

"బీరన్న మంద పండుకుంటే మడి ఎంత నిండుతది?" అని సుధాకర్ అనే రైతును అడిగింది.

"ఈ గట్టు కాన్నుంచి ఆ గట్టు దాకా కాలు పెట్ట సందుండదమ్మా. ఎందుకు, మీ మామ తక్కువ జెప్పిండా?" అతని కళ్లలోనూ అనుమానమే.

బీడు గురించి కోదాడలో జరిగిన విచారణలో గోపిక గొర్రెల సంఖ్య ఎత్తనే లేదు. నివేదికలోని మంద మడిలో ఒక మూలకు కూడా చాలదని, అసలు మంద మడి నిండా పండుతుందని రైతులచేతనే చెప్పించింది. ప్రతిపాదన వెనక్కి వెళ్లింది. బీడు మిగిలింది.

బయట బీరన్న పక్కకు పిలిచాడు. "అసలు లెక్క ఎక్కడన్న రాసినవా?"

"లేదు మామా."

"సూపియ్యి."

ఫైలంతా తిరగేసి చూశాకే తిరిగిచ్చాడు.

2013లో డాక్టరేటు వచ్చేసరికి ఆమె మిర్యాలగూడ కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఆ కబురు చెప్పడానికి వెళ్తే, దొడ్డి నిండా గొర్రెలు అరుస్తున్నాయి.

"గొర్లు మంచిగున్నయా మామా?"

"ఏడియి కోడలా" అంటూ బీరన్న లేచి దొడ్డి తడికె మూశాడు.