తాతగారి ఖండచాపు

బందరులో మా చర్చికి కీబోర్డు రాకముందు శ్రుతి గురించి నన్నెవరూ అడగలేదు. ముందు వరసలో స్తంభం పక్కన, కాలితో తొక్కి వాయించే హార్మోనియం ఉండేది. తాతగారు మద్రాసు నుంచి రైల్లో తెప్పించి చర్చికిచ్చారు. ఆయన తర్వాత నాన్న వాయించారు. నాన్న తర్వాత నేను. గుడివాడ దగ్గర రైసు మిల్లు, పెదపారుపూడి వైపు మాగాణి, బందరులో మేడ ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఎలా పోయాయో చెప్పుకునే అలవాటు మా ఇంట్లో లేదు. నేను స్కూల్లో టీచరు ఉద్యోగం చేసుకుంటూ రెండు గదుల వాటాలో ఉండేదాన్ని. అయినా ఆదివారం పొద్దున నేను పెడలు మీద కాలు పెట్టాకే సంఘం లేచి నిలబడేది. మాకు మిగిలింది ఆ చోటూ, ఒక కీర్తనా.

ఆ కీర్తన తాతగారు రాసింది, కోతల పండగకి. వరి కోతలయ్యాక మొదటి పనలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు తెచ్చి చర్చిలో బల్ల ముందు పెట్టే ఆదివారాన్ని మేం అలా అంటాం. "పనలెత్తి వచ్చితిమి పరలోక జనకుడా" అని పల్లవి. తాళం ఖండచాపు. రెండూ మూడూ కలిపి ఐదు దెబ్బలు: తక, తకిట. తాతగారు మాటల్ని కూడా ఆ కొలతకే కోశారు. పనలెత్తి అన్నా ఐదే, వచ్చితిమి అన్నా ఐదే. పరలోక, జనకుడా, అవీ అంతే. ఎక్కడా అతుకు కనబడదు. నా చిన్నప్పుడు నాన్న ముందు తొడ మీద ఆ తాళం వేయించి, అది చెదరకుండా నిలిచిన తర్వాతే పాట చెప్పారు. "తాళం నిలబడితే మనిషి నిలబడతాడు" అనేవారు. ఆయన నిలబడలేకపోయిన సంగతి వేరు.

తొంభైల నడుమ మాకు కొత్త పాస్టరుగారు వచ్చారు. మంచివారే. చర్చిలో జనం, ముఖ్యంగా కుర్రకారు, పలచబడుతున్నారని ఆయన దిగులు. ఆ దిగులుకి మందుగా కీబోర్డు కొనిపించారు. వాయించడానికి ఒకతను దొరికాడు. పగలు రోల్డు గోల్డు పని, పెళ్ళిళ్ళ సీజన్లో గుడివాడ ఆర్కెస్ట్రాతో తిరుగుడు. వేళ్ళు చురుకు, మాట మెత్తన.

మొదటి ఆదివారం అతను ఒక మీట నొక్కగానే డ్రమ్ముల మోత దానంతటదే మొదలైంది. నా వెనక కూర్చున్న పెద్దావిడ మెడ చాచి చూసింది.

"వాయించే అతను ఏడమ్మా, కనబడ్డు?"

"పెట్టెలో ఉన్నాడు" అన్నాను.

"ఊపిరాడుద్దా?"

ఆరాధన అయ్యాక అతని దగ్గరికి వెళ్ళాను. "ఇందులో ఖండచాపు ఉందా?"

"వంద రకాలున్నాయి టీచరుగారూ. డిస్కో కావాలా, మార్చింగు కావాలా?"

"ఖండచాపు."

అతను చాలాసేపు మీటలు నొక్కాడు. మూడు వచ్చింది, నాలుగు వచ్చింది, ఆరు వచ్చింది. "ఐదు ఇవ్వలేదండీ కంపెనీ వాడు. అయినా ఐదు ఎవరిక్కావాలండీ?"

"నాకు" అన్నాను.

అతను నవ్వాడు. నేను తమాషాకి అన్నాననుకున్నాడు.

నాకు కొత్తదనమంటే కోపమని చర్చిలో చాలామంది అనుకునేవారు. అది నిజం కాదు. తాతగారు తన రోజుల్లో అందరికంటే కొత్తవారు. అప్పట్లో చర్చిలో పాడేవి దొరల బాణీలు. తెలుగు మాటల్ని ఆ బాణీల్లో కుక్కితే పొట్టి అక్షరం పొడుగయ్యేది, పొడుగు అక్షరం నలిగిపోయేది. ఆయన మోహన రాగమూ ఖండచాపూ పట్టుకొచ్చి కీర్తన కడితే, ఇదేం భజన అని పెద్దలు ముఖం చిట్లించారట. ఆయన పట్టుబట్టారు. మాట నడకని బట్టి పాట నడవాలన్నది ఆయన వాదన. పెట్టెలో ఎవరో ముందే పోసిపెట్టిన వంద దరువుల్లోంచి ఒకటి ఏరుకోవడాన్ని అందరూ సృజన అంటుంటే నాకు ఒళ్ళు మండేది. ఏరుకోవడం సంతలో చేసే పని.

రెండు మూడేళ్ళు అలాగే గడిచాయి. కొత్త పాటలకి కీబోర్డు, పాత కీర్తనలకి హార్మోనియం. పాత కీర్తనలు నెలనెలా తగ్గుతూ వచ్చాయి. అప్పుడు పాస్టరుగారు కేసెట్టు మాట తెచ్చారు.

"మన పండగ పాటలన్నీ కేసెట్టు చేద్దామండీ. మొదటి పాట మీ తాతగారిదే."

నాకు సంతోషం కలిగింది, వెంటనే భయమూ పట్టుకుంది. పాట మనుషుల నోళ్ళలో ఉన్నంతకాలం తప్పు పాడినవాణ్ణి ఆపి దిద్దొచ్చు. కేసెట్టులోకి ఎక్కాక అదే అసలు పాట. ఊరూరా టేపురికార్డరు ఎలా పాడితే అలా నేర్చుకుంటారు. అందుకే గట్టిగా చెప్పాను.

"హార్మోనియం మీదే పాడాలండీ. ఐదు దెబ్బల తాళం మారకూడదు."

"అలాగేనండీ."

ఆ 'అలాగే'ని నేను నమ్మాను. మిల్లు విషయంలో నాన్న కూడా ఇలాంటి అలాగేలు చాలా నమ్మారు.

హార్మోనియాన్ని దుప్పట్లలో చుట్టి, కింద వరిగడ్డి పరిచి, మినీ లారీలో గుడివాడ తీసుకెళ్ళాం. నేను డ్రైవరు పక్కన కూర్చుని గోతి గోతికీ వెనక్కి చూశాను. స్టూడియో అంటే ఫోటోల షాపు పైన ఒక గది. గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించారు. కింద రోడ్డు మీద బస్సు హారను మోగినప్పుడల్లా రికార్డింగు ఆపేవారు. ఆర్కెస్ట్రా నడిపే ఆయనదే ఆ గది. నేను మొదటి స్వరం పలికించగానే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"కలవట్లేదండీ. మీ పెట్టె శ్రుతి రెండు మెట్ల మధ్యలో ఇరుక్కుంది."

"మీ కీబోర్డు కొంచెం దించండి" అన్నాను.

"దించొచ్చనుకోండి, మిగతా పాటలన్నీ మళ్ళీ మొదటికొస్తాయి. మా దగ్గర చేతి హార్మోనియం ఉంది, దాని మీద కానిచ్చేద్దాం."

"మా తాతగారి పాట అద్దె పెట్టె మీద వాయించను."

రోల్డు గోల్డు అతను నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు. "పోనీ వట్టి గొంతుతో పాడేయండి టీచరుగారూ. తాళం మీరే వేసుకోండి. వాయిద్యాలు తర్వాత దాని చుట్టూ కడతాం."

అది బాగానే ఉందనిపించింది. కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తూ పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా పాడాను. కింద ఒక్క బస్సు హారనూ మోగలేదు. అయ్యాక ఆర్కెస్ట్రా ఆయన "బ్రహ్మాండం" అన్నాడు. నాన్న ఉంటే తప్పు పట్టగలిగేవారు కాదు. ఆ సాయంత్రం గుడివాడ నుంచి తిరిగొస్తూ లారీలో నిటారుగా కూర్చున్నాను.

కేసెట్టు క్రిస్మసు ముందు విడుదలైంది. ఇంటికి తెచ్చుకుని పెట్టాను. ముందు అలల చప్పుడు వచ్చింది. తర్వాత పిల్లనగ్రోవిలాంటి కీబోర్డు. తర్వాత డ్రమ్ములు, నాలుగు, నాలుగు. ఆ మీద ఎవరో ఆడపిల్లలు కలిసి "పనలెత్తీ... వచ్చితిమీ..." అని సాగదీశారు. ఐదు దెబ్బల మాటకి మూడు దెబ్బల తోక తగిలించి ఎనిమిది చేశారు. పన నెత్తికెత్తుకున్నవాడు అడుగడుక్కీ ఆగి ఆవులించినట్టు ఉంది. నా గొంతు ఎక్కడా లేదు. లోపలి అట్ట మీద రచన అని తాతగారి పేరు, సంగీతం అని ఆర్కెస్ట్రా ఆయన పేరు వేశారు.

రోల్డు గోల్డు అతణ్ణి పట్టుకున్నాను.

"మీరు పాడింది చాలా బాగుందండీ" అన్నాడు తల వంచుకుని. "కానీ దాని మీద దరువు కూర్చోలేదు. ఎన్నిసార్లు పెట్టినా జారిపోయింది. జనానికి చప్పట్లకి అందాలి కదండీ."

"అందకపోతే నేర్చుకుంటారు. మేమంతా నేర్చుకోలేదా?"

"మీకు నాన్నగారు ఉండేవారండీ నేర్పడానికి."

పాస్టరుగారు ఇంకా మెత్తగా మాట్లాడారు. "ఆత్మ ముఖ్యం కదమ్మా. తాళానిదేముంది?"

"ఆత్మకి ఐదు దాకా లెక్కపెట్టడం రాదా అండీ?" అన్నాను.

ఆయన నొచ్చుకున్నారు. నేను క్షమాపణ అడగలేదు. ఆ ఏడు బందరు చర్చిలో కోతల పండగకి తాతగారి కీర్తనని కేసెట్టు బాణీలో పాడతారని తెలిసి, ఆ ఆదివారం అక్కడ ఉండదలుచుకోలేదు. హార్మోనియం అప్పటికే పాస్టరుగారు అంగీ మార్చుకునే గదిలోకి వెళ్ళింది. దాని మీద పూలకుండీలు పెట్టారు.

దివిసీమలో, నాగాయలంక దాటాక, ఒక చిన్న పల్లె సంఘం ఉంది. తాతగారు ఏటా అక్కడికెళ్ళి పాటలు నేర్పేవారు. ఆయన పోయాక మా ఇంట్లోంచి ఎవరూ వెళ్ళలేదు. అక్కడికి కీబోర్డు రాలేదని విన్నాను. కరెంటు కూడా ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఐదు దెబ్బలు భూమ్మీద ఎక్కడైనా బతికి ఉంటే అక్కడే ఉంటాయనుకున్నాను. నాగాయలంకలో బస్సు దిగి, రొయ్యల చెరువుల గట్ల మధ్య ఆటోలో వెళ్ళాను.

ఆడవాళ్ళు కొత్త చీరలతో, మగవాళ్ళు పనలు నెత్తిన పెట్టుకుని చర్చి బయట నిలబడి ఉన్నారు. ముందు పనలతో చర్చి చుట్టూ తిరిగి, తర్వాత లోపలికి వెళ్తారు. సంఘపెద్ద డెబ్భై దాటిన కౌలురైతు. నన్ను ముందుకి తీసుకెళ్ళి నిలబెట్టాడు.

"మన కీర్తనయ్యగారి మనవరాలమ్మా. పాట ఈవిడే ఎత్తుకుంటారు."

డోలక్కు, తాళాలు తప్ప ఇంకేం లేవు. నా గుండె నిండింది. ఐదు దెబ్బల్లో ఎత్తుకున్నాను. పల్లవి ఒక్కసారి అయిందో లేదో డోలక్కు నాలుగులోకి దిగింది. వంద గొంతులు "పనలెత్తీ..." అని సాగదీశాయి. తోక ఎక్కడ తగిలించాలో అందరికీ కంఠతా వచ్చు. అలల చప్పుడొక్కటే తక్కువ. నా కోసం ఇంకాస్త గట్టిగా పాడుతున్నారు. ఊరేగింపు చుట్టు తిరిగి వచ్చేదాకా నోరు మూసుకుని నిలబడ్డాను.

"కేసెట్టు బందరు నుంచి తెప్పించామమ్మా" అన్నాడు సంఘపెద్ద, మెప్పు కోసం చూస్తూ. "పొద్దుగూకులా అదే ఏసుకున్నాం."

"ఇది మా తాతగారి తాళం కాదు" అన్నాను. "ఇది ఐదు దెబ్బల పాట. మీకు ఆయనే నేర్పారు. మర్చిపోయారా?"

"మర్చిపోలేదమ్మా. కూకుని అట్టాగే అనేవోళ్ళం. నడిచేప్పుడు మాత్రం ఎప్పుడూ ఇట్టాగే లాగేవోళ్ళం. ఐదుకి అడుగు పడదు. ఒకసారి కుడికాలు మీద మొదలవుద్ది, ఒకసారి ఎడంకాలు మీద."

"రెండుసార్లు వేస్తే పది. పదికి పడుతుంది."

"నెత్తి మీద పన ఉంటే పది దాకా ఎవరు లెక్కెడతారమ్మా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను సంచీ అందుకున్నాను. విందు వంటకాల వాసన వస్తోంది. భోజనం చేసి వెళ్ళమని ఎవరో చెయ్యి పట్టుకున్నారు. బస్సు టైమైందన్నాను.

"ఆయన కూడా ఇంతే" అన్నాడు సంఘపెద్ద, ఆడవాళ్ళతో. "మేం నడక పాట ఎత్తుకోగానే కండువా దులుపుకుని, అన్నం తినకుండా బస్సెక్కేవోరు. మొండి మనిషి. మళ్ళీ ఏడు పండక్కి అందరికన్నా ముందు దిగేవోరు."

తాతగారు ఓడిన సంగతి మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఆయన తాళం ఆయన బతికుండగానే చర్చి చుట్టూ ఒక్క తిరుగుడు కూడా నిలవలేదన్నమాట. నాకు కోపం తగ్గలేదు. ఇన్నేళ్ళు చెప్పినా దిద్దుకోలేదంటే ఇంకా పెరిగింది. ఆకలితోనే బస్సెక్కి అవనిగడ్డ దాకా నిలబడి వెళ్ళాను.

మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళాను. ముందు రోజే దిగాను. పండగ పొద్దున ఊరేగింపుకి ముందు అందర్నీ చాపల మీద కూర్చోబెట్టి, తొడల మీద తాళం వేయించి, కీర్తన మొత్తం ఐదు దెబ్బల్లో పాడించాను. బుద్ధిగా పాడారు. బాగా కూడా పాడారు. తర్వాత లేచి, పనలెత్తుకుని, బయట కాలు పెట్టగానే నాలుగులోకి వెళ్ళిపోయారు.

అప్పటినుంచి ప్రతి ఏడూ అంతే. వాళ్ళు చర్చి చుట్టూ తిరుగుతుంటే నేను గుమ్మం దగ్గర నిలబడి, చీర కుచ్చెళ్ళ పక్కన చేత్తో ఐదు వేస్తూనే ఉంటాను. వాళ్ళ నాలుగూ నా ఐదూ అప్పుడప్పుడు ఒకే దెబ్బ మీద పడి, వెంటనే విడిపోతాయి. అలా పడ్డప్పుడల్లా సంఘపెద్ద పన కింది నుంచి నా వంక చూసి నవ్వుతాడు. నేను నవ్వను.